చిన్న కారు బ్రేకుల ఖర్చు: ఏది మార్చాలి, ఏ సామాను వేయించాలి, ఎక్కడ చేయించాలి

నా స్విఫ్ట్‌ని 48 వేల కిలోమీటర్ల దగ్గర సర్వీసుకి ఇచ్చిన రోజు మధ్యాహ్నం భోజనం వేళకి సర్వీస్ సెంటర్ అడ్వైజర్ ఫోన్ చేశాడు. "సార్, ముందు బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయి. డిస్కులు కూడా మార్చేయాలి. ఎలాగూ విప్పుతున్నాం కదా, వెనక షూలు కూడా వేసేద్దామా?" అన్నాడు. (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు, దాన్ని రెండు పక్కలా నొక్కిపట్టేవి ప్యాడ్లు. వెనక చక్రాల డ్రమ్ము లోపల ఒరుసుకునేవి షూలు.) వెంటనే వాట్సాప్‌లో ఎస్టిమేట్ వచ్చింది. ప్యాడ్లు 2,400, రెండు డిస్కులు 5,200, షూలు 1,500, బ్రేక్ ఆయిల్ మార్పు 700, వెనక డ్రమ్ముల క్లీనింగ్ 450, లేబర్ 1,900. మొత్తం 12,150 రూపాయలు. చివర్లో ఒక మాట కూడా ఉంది: "సేఫ్టీ విషయం సార్." ఆ మాట విన్నాక ఎవరికైనా కాదనడానికి నోరు రాదు.

నేను మాత్రం ఇంజన్ ఆయిల్ సర్వీసు ఒక్కటే చేయించుకుని, మర్నాడు పొద్దున్నే విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాను. చక్రాలు విప్పించి, డిస్కు మందం కొలిపించాను. ప్యాడ్లు నిజంగానే అయిపోయాయి, అందులో అబద్ధం లేదు. డిస్కులు మాత్రం బాగానే ఉన్నాయి. వెనక షూలు సగం కూడా అరగలేదు. మంచి బ్రాండు ప్యాడ్లు 1,650, బ్రేక్ ఆయిల్ 350, వెనక డ్రమ్ముల క్లీనింగుతో కలిపి లేబర్ 600. మొత్తం 2,600తో బయటపడ్డాను. ఆ డిస్కులు 90 వేల దాకా నడిచాయి.

ఇది చదివి సర్వీస్ సెంటర్లు దోచుకుంటాయి, వీధి మెకానిక్కే దిక్కు అని తేల్చేయకండి. అంతకుముందు నాకున్న ఆల్టోకి, ఇదే తెలివితేటలతో, పేరూ ఊరూ లేని 450 రూపాయల ప్యాడ్లు వేయించాను. నెల తిరక్కుండానే కీచుమని అరవడం మొదలుపెట్టాయి. ఎనిమిది నెలలకి డిస్కు మీద గ్రామఫోన్ రికార్డులా గీతలు పడ్డాయి. ప్యాడ్ల మీద వెయ్యి రూపాయలు మిగిల్చబోయి డిస్కుల జత కొనాల్సి వచ్చింది.

ఈ రెండు అనుభవాల మధ్య నాకు అర్థమైంది ఒకటే. మన దగ్గర బ్రేకుల పనిలో డబ్బు మిగిలేది అక్కర్లేని భాగాన్ని మార్చకుండా ఉండటంలో. మార్చాల్సిన భాగంలో నాసిరకం వేస్తే మిగలదు. అందుకే ఎక్కడ చవక అన్న ప్రశ్నని ఇక్కడ చివరికి పెట్టాను.

ముందు ఏం అరిగిందో మీ కంటితో చూడండి

స్విఫ్ట్, వ్యాగనార్, గ్రాండ్ ఐ10, టియాగో లాంటి చిన్న కార్లన్నిటికీ దాదాపు ఒకటే అమరిక: ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బ్రేక్ నొక్కగానే కారు బరువంతా ముందుకి వాలుతుంది కనుక పనిలో మూడింట రెండు వంతుల దాకా ముందు బ్రేకులే చేస్తాయి. అందుకే ముందు ప్యాడ్లు రెండుసార్లు మారేసరికి వెనక షూలు ఒకసారి మారితే అది మామూలే.

ఎన్ని వేల కిలోమీటర్లకి మార్చాలి అని అందరూ అడుగుతారు. 30 వేల నుంచి 50 వేల మధ్య అని చెప్పొచ్చు గానీ, ఆ అంకె మీద ఎక్కువ ఆధారపడకండి. రోజూ అమీర్‌పేట, పంజాగుట్ట సిగ్నళ్ల మధ్య తిరిగే కారుకి 25 వేలకే అయిపోవచ్చు. వారానికోసారి హైవే మీద విజయవాడ నుంచి ఏలూరు వెళ్లొచ్చే కారుకి 60 వేలు రావచ్చు. తారీఖు చూసి, మీటరు చూసి మార్చే వస్తువు కాదిది, మందం చూసి మార్చేది.

చూడటం కష్టమేమీ కాదు. అలాయ్ చక్రాలైతే సందుల్లోంచి ఫోన్ టార్చి వేస్తే డిస్కుని పట్టుకున్న కాలిపర్, దాని లోపల ప్యాడు అంచు కనిపిస్తాయి. ప్యాడుకి వెనక ఇనుప రేకు, దాని మీద అరిగే పదార్థం ఉంటాయి. రేకుని లెక్కలోకి తీసుకోకూడదు. అరిగే పదార్థం కొత్తలో పది మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అది మూడుకి వచ్చిందంటే మార్చేయాలి. నాలుగైదు ఉంటే తర్వాతి సర్వీసు దాకా ఆగొచ్చు, అయితే ఆ మధ్యలో ఒకసారి చూసుకోవాలి. ఇనుప రిమ్ములైతే బయటికి సరిగ్గా కనిపించవు. టైర్లు ఇటువి అటు మార్పించే రోజున ఎలాగూ చక్రాలు విప్పుతారు, అప్పుడు రెండు నిమిషాలు పక్కన నిలబడి చూడండి. లోపలి వైపు ప్యాడు బయటి దానికంటే ఎక్కువ అరిగి ఉండొచ్చు, కనుక రెండూ చూడాలి. తేడా మరీ ఎక్కువగా ఉంటే కాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోయాయని అర్థం. వాటిని శుభ్రం చేసి గ్రీజు పెట్టకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే ఒక పక్కకే అరుగుతాయి.

కొన్ని ప్యాడ్లకి చిన్న ఇనుప నాలుక ఉంటుంది. పదార్థం అయిపోవచ్చే సమయానికి అది డిస్కుకి తగిలి కీచుమని కూస్తుంది. ఆ కూత వినిపిస్తే వారం పది రోజుల్లో పని పెట్టుకోండి. కూత పోయి గరగర మొదలైతే ఇనుము ఇనుముని రాస్తోందన్న మాట, ఆ పూటే ఆపాలి. వానలో తడిసి పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకి వచ్చే రాపిడి శబ్దం మాత్రం డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు వల్ల. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక్కడే ఇంకొక సంగతి. ప్యాడ్లు అరిగే కొద్దీ బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం నెమ్మదిగా తగ్గుతుంది. కొన్నిసార్లు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు కూడా వెలుగుతుంది. చాలామంది పెట్రోల్ బంకులోనో వాషింగ్ చోటో ఆయిల్ పోయించేసి ఊపిరి పీల్చుకుంటారు. కానీ అది ప్యాడ్లు చూడమని కారు చెప్పే మాట. పైగా నిండా పోయించాక కొత్త ప్యాడ్లు వేస్తే, కాలిపర్‌లో ప్యాడ్లని నెట్టే పిస్టన్లు వెనక్కి నొక్కగానే ఆయిల్ డబ్బా పొంగి బయటికొస్తుంది. అది పడిన చోట పెయింటు లేచిపోతుంది. అదే ప్యాడ్లు బాగానే ఉండి కూడా మట్టం తగ్గుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. అప్పుడు ఇంక పోలికలు, బేరాలు లేవు, ముందు ఆ లీకు పట్టుకోవాలి.

ప్యాడ్లు ఒక్కటేనా, డిస్కులతో సహానా?

బిల్లుని రెండింతలు, మూడింతలు చేసే నిర్ణయం ఇదే. కనుక దీని మీద కాస్త ఓపిక పట్టండి.

చిన్న కార్లకి నేను లెక్క వేసుకునే ఉజ్జాయింపు ధరలు ఇవి. మోడల్‌ని బట్టి, ఊరిని బట్టి అటూ ఇటూ అవుతాయి. ముందు ప్యాడ్ల సెట్టు, అంటే రెండు చక్రాలకీ కలిపి నాలుగు, కారు కంపెనీ పేరుతో వచ్చేవి 1,500 నుంచి 3,000. పేరున్న బయటి బ్రాండువి 900 నుంచి 1,800. డిస్కుల జత కంపెనీది 4,000 నుంచి 6,500, బయటి బ్రాండుది 2,800 నుంచి 4,500. ప్యాడ్లు మార్చడానికి లేబర్ వీధి మెకానిక్ దగ్గర 250 నుంచి 500, సర్వీస్ సెంటర్లో 600 నుంచి 1,200.

అంటే ప్యాడ్లు ఒక్కటే అయితే బయట 1,200 నుంచి 2,300లో, సర్వీస్ సెంటర్లో 2,100 నుంచి 4,200లో పని అయిపోతుంది. డిస్కులు కూడా కలిస్తే బయట 4 వేల నుంచి 7 వేలు, సర్వీస్ సెంటర్లో 6 వేల పైనుంచి 11 వేల దాకా వెళుతుంది. ఎక్కడ చేయించాలన్న తేడా కంటే డిస్కు మార్చాలా వద్దా అన్న తేడా పెద్దదని ఈ అంకెలే చెబుతున్నాయి. అయినా మనం బేరమాడేది లేబర్ దగ్గర!

మరి డిస్కు మార్చాలో లేదో ఎలా తేలుతుంది? దాదాపు ప్రతి డిస్కు మీదా, సాధారణంగా అంచు మీదో మధ్య టోపీ భాగం మీదో, కనీస మందం ఎంత ఉండాలో అంకె పోసి ఉంటుంది. తుప్పు గీకితే కనిపిస్తుంది. కొలిచిన మందం ఆ అంకె కంటే తక్కువైతే డిస్కు మార్చాల్సిందే, చర్చ లేదు. సమానంగానో, వెంట్రుకవాసి ఎక్కువగానో ఉన్నా మార్చడమే మంచిది, ఎందుకంటే కొత్త ప్యాడ్ల జీవితకాలం పూర్తయ్యేలోపు అది కిందికి దిగిపోతుంది. బాగా ఎక్కువ ఉంటే వదిలేయండి.

కొలత దగ్గర ఒక కిటుకు ఉంది. డిస్కు వాడే కొద్దీ ప్యాడు తగిలే మేర అరిగి, బయటి అంచున గట్టులా మిగులుతుంది. మామూలు వెర్నియర్‌తో పట్టుకుంటే దాని దవడలు ఆ గట్టు మీద ఆగి, ఉన్నదానికంటే ఎక్కువ మందం చూపిస్తాయి. మైక్రోమీటర్‌తో లోపలి భాగాన్ని, డిస్కు చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవాలి. మంచి మెకానిక్‌కి ఇది చెప్పనక్కర్లేదు. చెప్పాల్సి వచ్చిందంటే కొంచెం ఆలోచించుకోండి.

అడ్వైజర్లు ఎక్కువగా చూపించేది ఆ గట్టునే. "చూడండి సార్, లిప్ వచ్చేసింది" అని ఫొటో పంపుతారు. గట్టు ఉన్నంత మాత్రాన డిస్కు పాడైనట్టు కాదు, వాడిన ప్రతి డిస్కుకీ ఉంటుంది. గోరుకి తగిలీ తగలనట్టుండే సన్నటి గీతలూ అంతే. ఫొటో వస్తే మీరు అడగాల్సింది ఒకటే: "మందం ఎంత వచ్చింది, డిస్కు మీద కనీసం ఎంత అని ఉంది?" రెండు అంకెలు చెబితే వాళ్ల మాట నమ్మొచ్చు. చెప్పలేకపోతే వాళ్లు కొలవలేదు. పగుళ్లు కనిపిస్తే, గోరు ఇరుక్కునేంత లోతు గాట్లు పడితే, వేడికి నీలం రంగు మచ్చలు తేలితే మాత్రం కొలతతో పని లేకుండా మార్చేయండి.

మధ్యేమార్గం లేత్ మీద డిస్కుని తిరగేయించడం, అంటే పైపొర కోసి చదును చేయించడం. ఒక్కో డిస్కుకి మూడు నుంచి ఐదు వందలు తీసుకుంటారు. వేగంలో బ్రేక్ నొక్కితే పెడల్ కాలిని తన్నినట్టు కొట్టుకుంటుంటే, స్టీరింగ్ వణుకుతుంటే, డిస్కుకి మందం ఇంకా బాగా మిగిలి ఉంటే ఈ పని గిట్టుబాటవుతుంది. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, కోత తర్వాత మిగిలే మందం కూడా ఆ కనీస అంకె పైనే ఉండాలి. అందుకే అరిగి అంచుకి వచ్చిన డిస్కుని తిరగేయించడం దండగ. ఏ ఇబ్బందీ లేని డిస్కుని "కొత్త ప్యాడ్లు వేస్తున్నాం కదా" అని కోయించడం కూడా దండగే. ఇంకో సంగతి, కొన్నిసార్లు తప్పు డిస్కుది కాదు. డిస్కుని బిగించే హబ్ మీద పేరుకున్న తుప్పు గీకకుండా డిస్కు బిగిస్తే కొత్తది కూడా వంకరగా తిరిగి, కొన్ని వేల కిలోమీటర్లకే పెడల్ కొట్టుకోవడం మొదలవుతుంది.

డిస్కులు మార్చితే రెండు పక్కలా మార్చాలి, వాటితో పాటు ప్యాడ్లు కూడా కొత్తవే వేయాలి. పాత ప్యాడ్లు పాత డిస్కు గీతలకి అలవాటు పడి ఉంటాయి. ఒక పక్క మాత్రమే మారిస్తే బ్రేక్ కొట్టినప్పుడు కారు పక్కకి లాగుతుంది.

కంపెనీ సామానా, బయటి బ్రాండా, షాపులో "ఇది కూడా బాగుంటుంది సార్" అని చూపించేదా?

కారు కంపెనీలు ప్యాడ్లు తయారు చేయవు. మారుతి జెన్యూన్ పార్ట్స్ అనో, హ్యుందాయ్ కార్లకైతే మోబిస్ అనో పేరున్న పెట్టెలో వచ్చే ప్యాడ్లని తయారుచేసేది బ్రేకు సామాను మీదే బతికే కంపెనీలు. చెన్నైలో ఉన్న బ్రేక్స్ ఇండియా, రానే లాంటివి దశాబ్దాలుగా కార్ల కంపెనీలకి సరఫరా చేస్తూనే తమ సొంత పేర్లతో బయట కూడా అమ్ముతున్నాయి. అలైడ్ నిప్పన్, బాష్, బ్రెంబో పేర్లతోనూ చిన్న కార్లకి ప్యాడ్లు దొరుకుతాయి. కంపెనీ పెట్టెకీ వీటికీ మధ్య తేడా ఆరేడు వందల నుంచి వెయ్యి పైచిలుకు ఉంటుంది. రోజువారీ వాడకంలో నాకైతే ఆ రెండు రకాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బయటి బ్రాండు మొదటి వారం కొంచెం గట్టిగా అనిపించింది, అంతే.

మూడోది, అంటే మూడు నాలుగు వందలకి దొరికే పేరు లేని సరుకు, పోలికలో చేర్చడానికే నాకు మనసొప్పదు. లెక్క చూడండి. మంచి ప్యాడ్లకీ దానికీ తేడా వెయ్యి రూపాయలనుకుందాం. మంచివి 40 వేల కిలోమీటర్లు వస్తే ఆ వెయ్యి కిలోమీటరుకి రెండున్నర పైసలు. ఆ రెండున్నర పైసల కోసం వానలో లారీ వెనక బ్రేక్ కొట్టి దేవుడికి దండం పెట్టుకోవాలా? పైగా చవక ప్యాడ్లలో ఇనుప రజను ఎక్కువుంటే డిస్కుని తినేస్తాయి. మెత్తటివైతే వేడెక్కగానే పట్టు వదిలేస్తాయి.

పేరున్న బ్రాండులోనూ నకిలీ ఉంటుంది, అదొక తలనొప్పి. పెట్టె మీద పార్ట్ నంబరు, ఎమ్మార్పీ, తయారీ నెల, తయారీదారు చిరునామా స్పష్టంగా ఉండాలి. ప్యాడు వెనక రేకు మీద కూడా బ్రాండు, నంబరు ముద్రించి ఉండాలి. బిల్లు ఇస్తానన్న షాపులోనే కొనండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా, విజయవాడ, గుంటూరు ఆటోనగర్లలోనైనా బిల్లు అడిగితే మొహం చిట్లించే షాపుకి రెండడుగుల దూరంలో బిల్లు ఇచ్చే షాపు ఉంటుంది. వెళ్లేటప్పుడు ఆర్‌సీ ఫొటో ఫోన్లో పెట్టుకోండి. ఒకే పేరుతో వచ్చే కారుకి ఏడాదిని బట్టి, పెట్రోలా డీజిలా అన్నదాన్ని బట్టి ప్యాడు మారుతుంది. ఛాసిస్ నంబరుతో వెతికితే పొరపాటు పోతుంది.

సెరామిక్ ప్యాడ్లు వేయించుకోమని కూడా చెబుతుంటారు. దుమ్ము తక్కువ, శబ్దం తక్కువ, ధర ఎక్కువ. అలాయ్ చక్రాలు నల్లబడటం మీకు ప్రాణసంకటమైతే వేయించుకోండి. లేదంటే కారుతో పాటు వచ్చిన రకమే చిన్న కారుకి సరిపోతుంది.

అమెరికాలో చదువుకునే మా మేనల్లుడు పాత కొరోల్లాకి ప్యాడ్లు తనే మార్చుకున్నాడు. అక్కడ సామాను చవక, మనిషి చేయి పడితే ఖరీదు. ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి పనిముట్లు అరువు తెచ్చుకుని ఇంటి ముందే చేసుకుంటారు. "ఇండియాలో మీరూ చేసుకోవచ్చుగా మామయ్యా" అన్నాడు. ఇక్కడ లెక్క తిరగబడి ఉంది. చేయి తిరిగిన మెకానిక్ నాలుగు వందలకి చేసే పనికి నేను జాకీ కింద దూరి ప్రాణం మీదకి తెచ్చుకోవడం ఎందుకు? ఆ మిగిలే డబ్బు మంచి ప్యాడ్ల మీద పెడతాను.

వెనక షూలు

వీటి గురించి ఎక్కువ చెప్పేది లేదు. సెట్టు కంపెనీది 1,200 నుంచి 2,000, బయటి బ్రాండు 700 నుంచి 1,200. చాలాసార్లు మార్చనక్కర్లేదు. డ్రమ్ము విప్పి దుమ్ము తుడిచి, సర్దుబాటు చేసి, హ్యాండ్ బ్రేక్ బిగిస్తే చాలు, రెండు మూడు వందల పని. దుమ్ముని గాలి పైపుతో ఊదనివ్వకండి. చవక లైనింగుల్లో (షూ మీద అరిగే పొర) ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. తడిగుడ్డతోనో బ్రేక్ క్లీనర్‌తోనో తుడిపించండి. లోపల తడి, జిడ్డు కనిపిస్తే షూలని నెట్టే వీల్ సిలిండర్ కారుతోందని అర్థం. అప్పుడు సిలిండర్‌తో పాటు ఆ జిడ్డు తాగిన షూలు కూడా పోయినట్టే. లారీలకి, ఆటోలకి పాత షూ మీద లైనర్లు కొట్టించే అలవాటు ఆటోనగర్లలో ఇంకా ఉంది గానీ, కారుకి కొత్త సెట్టే ఇంత తక్కువకి దొరుకుతున్నప్పుడు ఆ జోలికి పోనక్కర్లేదు. కొన్ని పెద్ద వేరియంట్లకి వెనక కూడా డిస్కులే ఉంటాయి. వాటికి ముందు వాటి లెక్కలే వర్తిస్తాయి.

బ్రేక్ ఆయిల్: ఎస్టిమేట్‌లో కొట్టేయకూడని వరస

అందరూ అనవసరమని కొట్టేయించేది ఇదే. నేను మాత్రం దీన్ని ఉంచేస్తాను. బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. మన కోస్తా ఊళ్ల ఉక్కపోత సంగతి చెప్పేదేముంది. కొత్త డాట్ 3 ఆయిల్ (డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు) కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, అదే తేమ పట్టాక ప్రమాణం 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. చదునైన రోడ్ల మీద ఈ తేడా మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు.

తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు తెలుస్తుంది. కుటుంబం మొత్తం, సామాను, లడ్డూల సంచి, మలుపు మలుపుకీ బ్రేక్. వేడి ప్యాడ్ల నుంచి కాలిపర్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి ఎక్కుతుంది. తేమ పట్టిన ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బ్రేక్ పడదు. ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా అప్పుడు పనికిరావు. రెండో గేరులో ఇంజన్ పట్టు మీద దిగడం సగం మందు, రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం మిగతా సగం. అర లీటరు డబ్బా రెండు మూడు వందల రూపాయలు. మీ కారు డబ్బా మూత మీద ఏ డాట్ అని ఉందో అదే పోయించండి. డాట్ 3 ఉన్న చోట డాట్ 4 పోయొచ్చు, డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, అది వీటితో కలవకూడదు. ముందుసారి వాడి సగం మిగిల్చిన పాత డబ్బాలోది పోయనివ్వకండి, మూత తీసిన దగ్గర్నుంచి అది కూడా తేమ తాగుతూనే ఉంటుంది.

ఎక్కడ చేయించాలి

వారంటీలో ఉన్న కారు అయితే నేను సర్వీస్ సెంటర్‌కే వెళతాను. ప్యాడ్లు అరిగే భాగాలు కనుక వారంటీ కిందికి రావు, డబ్బు ఎలాగూ మనదే. అయినా బయట చేయించాక ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) వైరు తెగిందనో, కాలిపర్ కారుతోందనో తేడా వస్తే మీది తప్పంటే మీది తప్పని వాదన మొదలవుతుంది. ఆ తలనొప్పి ఖరీదు వెయ్యి, పదిహేను వందల కంటే ఎక్కువ. వెళ్లేది అక్కడికే అయినా, కొలత అడిగి, అరగని వెనక షూలని ఎస్టిమేట్‌లోంచి కొట్టేయించి, జాబ్ కార్డు మీద రాయని పని చేయొద్దని చెప్పి రండి.

వారంటీ దాటిన కారుకి, మీకు నమ్మకమైన మెకానిక్ ఉంటే, బిల్లుతో కొన్న మంచి బ్రాండు ప్యాడ్లు అతని చేతిలో పెట్టడమే నా ఎంపిక. సామాను మీరే తెస్తే కొందరు మెకానిక్‌లు నొచ్చుకుంటారు, షాపు నుంచి వచ్చే కమీషన్ పోతుంది మరి. లేబర్ మీద వంద ఎక్కువిస్తానని ముందే చెబితే గొడవ ఉండదు. అలాంటి మనిషి దొరకని కొత్త ఊళ్లో ఉన్నవాళ్లకి మాత్రం వీధి చివర తెలియని షెడ్డు కంటే సర్వీస్ సెంటరే నయం.

యాప్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చి కారు తీసుకెళ్లే మల్టీబ్రాండ్ వర్క్‌షాపులు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ధర ముందే చూపిస్తారు, అది మంచిదే. కానీ ఆ ధర ఏ బ్రాండు ప్యాడుకో చాలాసార్లు రాసి ఉండదు. ఫోన్ చేసి పేరు చెప్పించుకోండి, పెట్టె ఫొటో పంపమనండి. చెప్పిన ధరకి కారు తీసుకెళ్లి, విప్పాక "డిస్కులు కూడా" అని ఫోన్ వస్తే పైన రాసిన రెండు అంకెల ప్రశ్నే ఇక్కడా అడగండి.

రెండు చోట్ల ఎస్టిమేట్‌లు పోల్చేటప్పుడు పన్ను సంగతి చూడటం మర్చిపోవద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. ఒకరు పన్ను కలపకుండా, ఒకరు కలిపి చెబితే చవకగా కనిపించినది చవక కాకపోవచ్చు. ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది. దాని మీద మళ్లీ పన్ను వేస్తే ఒప్పుకోకండి.

పని జరిగే రోజు

వీలైతే దగ్గర నిలబడండి, వేలు పెట్టకండి. కాలిపర్ విప్పాక దాన్ని రబ్బరు పైపు మీద వేలాడదీస్తే పైపు లోపల దెబ్బతింటుంది, తీగతో పైకి కట్టమనండి. పిన్నులకి మామూలు నల్ల గ్రీజు కాకుండా బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు పెట్టాలి. ప్యాడు ముఖం మీద జిడ్డు చేయి పడకూడదు. పాత ప్యాడ్లు మీకే ఇవ్వమని ముందే చెప్పండి.

కారు కదిలించే ముందు బ్రేక్ పెడల్‌ని ఐదారుసార్లు నొక్కాలి. పిస్టన్లు వెనక్కి వెళ్లి ఉంటాయి కనుక మొదటి నొక్కుకి పెడల్ నేలకి ఆనుతుంది. ఆ సంగతి తెలియక షెడ్డులోంచి రివర్స్‌లో వచ్చి వెనక గోడని ముద్దుపెట్టుకున్న కారుని నేను కళ్లారా చూశాను. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మెల్లగా పదీ పన్నెండుసార్లు తగ్గించండి. మధ్యమధ్యలో కొంత దూరం చల్లారనివ్వండి. ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి ఒదగడానికి ఇది అవసరం. మొదటి వంద, రెండు వందల కిలోమీటర్లు కొంచెం వాసన రావచ్చు, పట్టు కాస్త తక్కువగా అనిపించవచ్చు, ముందు బండికి ఎడం ఎక్కువ ఉంచండి. తిరుమల ప్రయాణమో, అరకు ప్రయాణమో ఉంటే ఈ పని ముందు రోజు సాయంత్రం పెట్టుకోకుండా కనీసం వారం ముందు చేయించుకోండి.